వంద ర్యాకుల పోరు జరిగితే... ఫిల్లరా, గోర్స్టా?

2019 నుంచి 2025 వరకు ఫెడోర్ గోర్స్ట్ నైన్ బాల్ పూల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ను మూడుసార్లు ఆడారు. 2019లో దోహాలో తైవాన్‌కు చెందిన చాంగ్ జుంగ్-లిన్‌పై 13-11 తేడాతోనూ, 2024లో జెడ్డాలో అల్బేనియాకు చెందిన ఎక్లెంట్ కాచీపై 15-14 తేడాతోనూ నెగ్గారు. 2025లో అదే జెడ్డాలో ఫిలిప్పీన్స్‌కు చెందిన కార్లో బియాడో చేతిలో 13-15తో ఓడిపోయారు. ఈ మూడు స్కోర్లనూ కూడి చూస్తే గోర్స్ట్ గెలిచిన ర్యాకులు 41, ఆయన ప్రత్యర్థులు గెలిచినవి 40.

అంటే రెండు ప్రపంచ కిరీటాలు, ఒక రన్నరప్ స్థానం కలిసి ఒక్క ర్యాకు తేడా మీద నిలిచి ఉన్నాయి. 2024లో విజేతకు దక్కిన రెండున్నర లక్షల డాలర్ల బహుమతి కూడా ఆఖరి, ఇరవై తొమ్మిదో ర్యాకుతోనే తేలింది. నేటి తరంలో అత్యుత్తముడు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా పూల్ అభిమానులు ఒక ఊహాజనిత పోటీని ముందుకు తేవడానికి కారణం ఇదే. జర్మనీకి చెందిన జాషువా ఫిల్లర్, గోర్స్ట్ ఒకే బల్ల మీద మూడు రోజులపాటు తలపడి, ముందుగా వంద ర్యాకులు గెలిచినవారే విజేత అనుకుంటే ఫలితం ఎలా ఉంటుంది?

ఇది కేవలం కాలక్షేపం ప్రశ్న కాదు. ఒక ఆటలో గెలుపును ఎంత నిడివితో కొలవాలి, ఆ కొలతలో ఎవరికి న్యాయం జరుగుతుంది అన్న పెద్ద ప్రశ్న ఇందులో దాగి ఉంది.

ఇద్దరూ ఎవరు?

ఫిల్లర్ 1997లో, గోర్స్ట్ 2000లో జన్మించారు. ఇద్దరూ ఇరవై ఏళ్లు నిండే సరికే ప్రపంచ స్థాయిలో పేరు తెచ్చుకున్నవారే. అమెరికా, ఐరోపా జట్ల మధ్య ఏటా జరిగే మోస్కోనీ కప్‌లో 2017లో ఫిల్లర్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచారు. అప్పటికి ఆయన వయసు 20. మరుసటి ఏడాది దోహాలో, అప్పటి ప్రపంచ విజేత బియాడోను ఫైనల్‌లో 13-10తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2019లో లాస్ వేగాస్‌లో యూఎస్ ఓపెన్ గెలిచారు.

గోర్స్ట్ మాస్కోలో పుట్టి రష్యా తరఫున ఆడుతూ 19 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆ తర్వాత అమెరికాకు ప్రాతినిధ్యం వహించడం మొదలుపెట్టారు. 2020లో ప్రేక్షకులు లేకుండా ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జరిగిన మోస్కోనీ కప్‌లో ఈ ఇద్దరూ ఐరోపా జట్టులో సహచరులు. నాలుగేళ్ల తర్వాత గోర్స్ట్ అదే కప్‌లో అమెరికా జట్టు సభ్యుడిగా బరిలో దిగారు.

ఇద్దరికీ బియాడో ఉమ్మడి ప్రత్యర్థి. ప్రపంచ ఫైనల్‌లో ఫిల్లర్ ఆయనను ఓడించారు, గోర్స్ట్ ఆయన చేతిలో ఓడారు. దీన్ని బట్టి ఫిల్లరే మేలని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఆ రెండు మ్యాచ్‌ల మధ్య ఏడేళ్ల ఎడం ఉంది. ఒకదానిలో తేడా మూడు ర్యాకులు, మరోదానిలో రెండు. ఇంత చిన్న ఆధారంతో ఇద్దరు సమ ఉజ్జీల మధ్య తీర్పు చెప్పడం సాధ్యం కాదు.

గణితం ఏమంటోంది?

నైన్ బాల్ నియమం సరళమైనది. బల్ల మీద ఉన్న బంతుల్లో అతి తక్కువ సంఖ్య గల దాన్ని తెల్ల బంతి ముందుగా తాకాలి. తొమ్మిదో బంతిని నియమబద్ధంగా పాకెట్‌లో వేసినవారిదే ఆ ర్యాకు. అగ్రశ్రేణి ఆటగాడు బ్రేక్ చేసి, ప్రత్యర్థికి అవకాశమే ఇవ్వకుండా బంతులన్నీ వేసేయడం తరచూ జరుగుతుంది. కుర్చీలో కూర్చున్నవాడికి అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. బ్రేక్‌లో ఒక బంతి అంగుళం పక్కకు దొర్లినా ర్యాకు చేతులు మారవచ్చు. నైపుణ్యంతో పాటు అదృష్టానికీ ఇక్కడ చోటు ఉంది.

ప్రపంచవ్యాప్తంగా పూల్ ఆటగాళ్ల బలాన్ని అంచనా వేయడానికి ఫార్గోరేట్ అనే రేటింగ్ విధానం వాడుకలో ఉంది. దాని ప్రకారం ఇద్దరి మధ్య వంద పాయింట్ల తేడా ఉంటే, కింది ఆటగాడు ఒక ర్యాకు గెలిచే లోపు పై ఆటగాడు రెండు గెలుస్తాడు. ఫిల్లర్, గోర్స్ట్ ఇద్దరూ ఆ పట్టికలో 800 దాటిన అతికొద్ది మందిలో ఉన్నారు. వారి మధ్య అంతరం చాలా స్వల్పం.

ఇద్దరిలో ఒకరు మరొకరికంటే 12 పాయింట్లు మెరుగని అనుకుందాం. ఆ లెక్కన మెరుగైన ఆటగాడు ప్రతి వంద ర్యాకుల్లో సుమారు 52 గెలుస్తాడు. ముందుగా 13 ర్యాకులు గెలవాల్సిన మ్యాచ్‌లో అతని విజయావకాశం సుమారు 58 శాతం. అంటే పదింట నాలుగుసార్లు బలహీనుడే కప్పు ఎత్తుతాడు. అదే పోటీని వంద ర్యాకులకు పొడిగిస్తే మెరుగైన ఆటగాడి అవకాశం సుమారు 71 శాతానికి చేరుతుంది.

తేడా ఇంకాస్త ఎక్కువై, అతను వందకు 55 ర్యాకులు గెలవగలిగితే చిత్రం మారుతుంది. 13 ర్యాకుల పోటీలో అతని అవకాశం సుమారు 69 శాతం, వంద ర్యాకుల పోటీలో సుమారు 92 శాతం. మ్యాచ్ నిడివి పెరిగేకొద్దీ అదృష్టం వాటా తగ్గి నైపుణ్యం వాటా పెరుగుతుందన్న సామాన్య నమ్మకానికి అంకెల్లో ఉన్న రూపం ఇది.

అయితే ఇదే గణితం మరో హెచ్చరిక కూడా చేస్తోంది. వందకు 52 గెలిచే ఆటగాడు మెరుగైనవాడని 95 శాతం భరోసాతో తేలాలంటే, ముందుగా దాదాపు 850 ర్యాకులు గెలవాల్సినంత సుదీర్ఘ పోటీ అవసరం. అంత పోటీని ఎవరూ నిర్వహించలేరు. నిర్వహించినా చూసేవారు ఉండరు. కనుక వంద ర్యాకుల పోరు కూడా తుది తీర్పు కాదు. పదింట మూడుసార్లు అదీ తప్పు చెబుతుంది.

మరి అలాంటప్పుడు దీర్ఘ పోటీ దేనికి? సమాధానం కోసం మూడు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

హాంకాంగ్ చెప్పిన పాఠం

1996లో హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్, అమెరికా దిగ్గజం ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ మూడు రోజులపాటు ముఖాముఖి తలపడ్డారు. ముందుగా 120 ర్యాకులు గెలవాలి. బహుమతి లక్ష డాలర్లు, మొత్తం విజేతకే. ఒక దశలో స్ట్రిక్‌లాండ్ 17 ర్యాకుల ఆధిక్యంలోకి వెళ్లారు. రేయెస్ ఆ అంతరాన్ని నెమ్మదిగా కరిగించి చివరికి 120-117తో గెలిచారు.

237 ర్యాకుల తర్వాత కూడా తేడా మూడే. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదనకు ఆ స్కోరు ముగింపు పలకలేదు. కానీ ఆ మ్యాచ్ వేరొక విషయాన్ని లోకానికి చూపించింది. 13 ర్యాకుల పోటీలో వరుసగా ఏడెనిమిది కోల్పోయిన ఆటగాడికి ఇంటిదారి తప్ప మరో దారి ఉండదు. అతనిలో తిరిగి లేచే శక్తి ఉందో లేదో తెలుసుకునే అవకాశం కూడా రాదు. దీర్ఘ పోటీ రేయెస్‌కు ఆ వ్యవధిని ఇచ్చింది. ప్రత్యర్థి ఆటను చదవడానికి, బల్ల స్వభావాన్ని పట్టుకోవడానికి, ఒక చెడ్డ పూటను మరచి మరుసటి రోజు కొత్తగా మొదలుపెట్టడానికి వీలు కల్పించింది.

టెస్ట్ క్రికెట్‌ను ఇష్టపడేవారికి ఈ మాట కొత్తగా తోచదు. మొదటి ఇన్నింగ్స్‌లో కుప్పకూలిన జట్టు నాలుగో రోజు నిలదొక్కుకోగలదు. టీ20లో అందుకు సమయం లేదు. రెండూ క్రికెట్టే అయినా అవి మనిషిలో కొలిచే గుణాలు వేరు.

ఫిల్లర్ వేగం, గోర్స్ట్ క్రమం

ఈ దృష్టితో చూసినప్పుడు ఫిల్లర్, గోర్స్ట్‌ల మధ్య అసలు భేదం కనిపిస్తుంది.

ఫిల్లర్ ఆటకు వేగమే ఆయువుపట్టు. బల్లను ఒక్క చూపులో అంచనా వేసి, క్యూ వంచి, కొట్టేసి, తర్వాతి బంతి దగ్గరికి నడిచిపోతారు. దూరపు షాట్లకు వెనుకాడరు. సేఫ్టీ ఆడి ప్రత్యర్థిని ఇరికించే వీలున్నచోట కూడా నేరుగా బంతి వేయడానికే మొగ్గు చూపుతారు. ఆయన ఊపు అందుకున్నారంటే ఎదుటి ఆటగాడు వరుసగా చాలాసేపు కుర్చీకే పరిమితమవుతాడు.

గోర్స్ట్ తీరు వేరు. ప్రతి షాట్‌కూ ముందు ఒకే వరుసలో జరిగే సన్నాహం, తెల్ల బంతి ఎక్కడ ఆగాలన్న విషయంలో కచ్చితమైన లెక్క ఆయన ప్రత్యేకతలు. నైన్ బాల్‌తో పాటు, సేఫ్టీలే ప్రాణమైన వన్ పాకెట్ వంటి ఆటల్లోనూ ఆయన ఆరితేరారు. బంతి వేసే దారి లేనప్పుడు ప్రత్యర్థికీ దారి లేకుండా చేయడం ఆ ఆటలు నేర్పే విద్య.

వంద ర్యాకుల పోటీ గరిష్ఠంగా 199 ర్యాకుల వరకు సాగవచ్చు. ఒక్కో ర్యాకుకు ఆరు నిమిషాలు వేసుకున్నా దాదాపు 20 గంటల ఆట. మూడు రోజులకు పంచితే రోజుకు ఆరున్నర గంటలకు పైమాటే. అంతసేపు బల్ల మీద వంగి నిలబడటం కంటే, కుర్చీలో కూర్చుని ప్రత్యర్థి ఆటను చూస్తూ మనసు చెదరకుండా ఉంచుకోవడం కష్టం.

అలసట ఎవరిని ముందుగా తాకుతుందన్న దానిపై రెండు వాదనలు ఉన్నాయి. త్వరగా నిర్ణయించే ఆటగాడు మెదడును తక్కువగా శ్రమపెడతాడు కనుక మూడో రోజుకు ఫిల్లర్ తాజాగా ఉంటారన్నది ఒకటి. లయ మీద ఆధారపడే ఆటగాడికి ఆ లయ తప్పినప్పుడు పట్టుకోవడానికి వేరే ఊత ఉండదు, పద్ధతి మీద ఆధారపడేవాడికి అలసటలోనూ ఆ పద్ధతే ఊతకర్ర అవుతుంది అన్నది రెండోది. రెండింటిలోనూ సత్యం ఉంది. వేగం ఫిల్లర్‌కు మొదటి రోజున ఎక్కువగా ఉపయోగపడుతుంది. క్రమం గోర్స్ట్‌కు చివరి రోజున ఎక్కువగా అక్కరకు వస్తుంది.

బ్రేక్ ఎవరిదన్నదే కీలకం

ఆటగాళ్ల శైలి కంటే నియమావళి ఫలితాన్ని ఎక్కువగా శాసించే సందర్భాలు పూల్‌లో ఉంటాయి. వాటిలో మొదటిది బ్రేక్ నియమం.

ర్యాకు గెలిచినవారే తర్వాతి బ్రేక్ చేయాలన్న పద్ధతి ఉంటే, ఊపు మీద ఉన్న ఆటగాడు ప్రత్యర్థికి బల్లే దక్కనివ్వకుండా వరుస ర్యాకులు గెలుచుకోవచ్చు. స్కోరు పెద్ద పెద్ద అంగల్లో అటూ ఇటూ ఊగుతుంది. ఇది ఫిల్లర్‌కు అనుకూలించే వాతావరణం. వంతులవారీగా బ్రేక్ చేసే పద్ధతిలో ఆ ఊపునకు అడ్డుకట్ట పడుతుంది. ప్రతి రెండో ర్యాకులో కుర్చీలోని ఆటగాడికి లేచే అవకాశం కచ్చితంగా వస్తుంది. సేఫ్టీల పోరు పెరుగుతుంది. అది గోర్స్ట్‌కు మేలు చేస్తుంది.

రెండోది బంతుల అమరిక. ప్రధాన టోర్నీల్లో కొంతకాలంగా ముందు వరుసలోని ఒకటో బంతికి బదులు తొమ్మిదో బంతిని బల్ల మీది నిర్ణీత చుక్కపై ఉంచి అమర్చుతున్నారు. అంచు బంతి సులువుగా పాకెట్‌లో పడే వీలు దీనితో తగ్గింది. బ్రేక్ తర్వాత బల్ల అనుకూలంగా రాకపోవడం పెరిగింది. సునాయాస విజయాలను తగ్గించే ఏ మార్పు అయినా సహనశీలికే లాభం.

మూడోది గడియారం. ప్రొఫెషనల్ పోటీల్లో షాట్‌కు 30 సెకన్ల గడువు మామూలైంది. ఆ గడువు ఫిల్లర్‌ను ఎన్నడూ ఇబ్బంది పెట్టదు. గోర్స్ట్‌కు అలసిన మూడో రోజున, చిక్కుపడిన బల్ల ముందు అది భారం కావచ్చు.

అందుచేత ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకు నియమాలు చెప్పకుండా జవాబు లేదు. గెలిచినవారికే బ్రేక్, కఠినమైన షాట్ క్లాక్ ఉంటే ఫిల్లర్ వైపు మొగ్గు చూపడం సమంజసం. వంతులవారీ బ్రేక్‌తో మూడు రోజుల పోటీ జరిగితే గోర్స్ట్‌కు స్వల్ప ఆధిక్యం ఇవ్వవచ్చు. పదింట ఐదున్నర, ఆరుసార్లకు మించి కాదు. మొదటి రోజు చివర ఫిల్లర్ ఏడెనిమిది ర్యాకుల ముందంజలో ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. మూడో రోజు ఆఖరి గంటలో అది నాలుగైదు ర్యాకుల తేడాతో తారుమారైనా ఆశ్చర్యపడనక్కరలేదు. 2024 ప్రపంచ ఫైనల్‌లో 14-14 వద్ద కూడా చెదరని గోర్స్ట్ స్థైర్యం ఈ అంచనాకు ఒక ఆధారం. 2025లో అదే ఆటగాడు రెండు ర్యాకుల తేడాతో ఓడిపోవడం ఈ అంచనాకు ఒక హద్దు.

భారతీయ పాఠకుడికి తెలిసిన సంగతే

ఈ చర్చ భారతదేశానికి దూరమైనదేమీ కాదు. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య స్నూకర్ రూపుదిద్దుకుందని ఆ ఆట చరిత్ర చెబుతోంది. బిలియర్డ్స్‌లో భారత్‌కు ప్రపంచ విజేతల పరంపరే ఉంది. 1958లో విల్సన్ జోన్స్‌తో మొదలై గీత్ సేఠీ మీదుగా పంకజ్ అద్వానీ వరకు అది సాగింది.

ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్‌లో రెండు పద్ధతులు పక్కపక్కనే నడుస్తూ వచ్చాయి. ఒకటి 150 పాయింట్ల చిన్న ఆటలతో సాగే పాయింట్ల విధానం, రెండోది గంటల తరబడి ఎక్కువ పాయింట్లు కూడబెట్టే సమయ విధానం. 2005లో మాల్టాలో అద్వానీ ఈ రెండు కిరీటాలనూ ఒకే ఏడాది గెలిచారు. దాన్ని అరుదైన ఘనతగా పరిగణించడానికి కారణం, ఆ రెండూ ఒకే ఆటలో రెండు వేర్వేరు పరీక్షలన్న గుర్తింపే. పొట్టి ఆటలో తప్పుకు క్షమాపణ లేదు. పొడవు ఆటలో ఏకాగ్రతకు విరామం లేదు. రెండింటినీ విడివిడిగా గౌరవించిన బిలియర్డ్స్ ఆ మేరకు పూల్ కంటే న్యాయంగా వ్యవహరించింది.

స్నూకర్ మధ్యేమార్గాన్ని కనిపెట్టింది. 1946 ప్రపంచ ఫైనల్‌లో జో డేవిస్, హోరేస్ లిండ్రమ్‌ను 78-67తో ఓడించారు. అంటే 145 ఫ్రేములు ఆడారు. టెలివిజన్ యుగంలో అది సాధ్యం కాదు. అలాగని స్నూకర్ తన ప్రపంచ ఫైనల్‌ను ఒక్క పూటకు కుదించలేదు. నేటికీ 35 ఫ్రేముల పోటీని రెండు రోజులకు విస్తరించి, ముందుగా 18 గెలిచినవారిని విజేతగా ప్రకటిస్తోంది. మొదటి రోజు వెనుకబడినవారు రాత్రంతా ఆలోచించుకుని మరుసటి రోజు తిరిగి రావచ్చు. ప్రేక్షకులకూ ఆ కథ ముగింపు కోసం ఎదురుచూసే ఆసక్తి మిగులుతుంది.

పూల్ ముందున్న దారి

పూల్ నిర్వాహకుల వాదనను కొట్టిపారేయలేం. ప్రసార సమయానికి ఖరీదు ఉంది. వంద మందికి పైగా ఆటగాళ్లు పాల్గొనే టోర్నీలో ప్రతి మ్యాచ్‌నూ పొడిగించడం అసాధ్యం. పైగా అనామకుడు సైతం అగ్రశ్రేణి ఆటగాణ్ణి ఓడించే అవకాశం ఉండటం వల్లనే ఈ ఆటకు కొత్త దేశాల నుంచి కొత్త ఆటగాళ్లు వస్తున్నారు. ఆ తలుపు మూసేయాలని ఎవరూ కోరరు.

అయితే తొలి రౌండ్ల అవసరాలు వేరు, ఫైనల్ అవసరాలు వేరు. ప్రపంచ ఫైనల్‌ను 15 ర్యాకుల నుంచి 30 ర్యాకులకు పెంచి రెండు పూటలకు విభజిస్తే టోర్నీకి అదనంగా పట్టేది కొద్ది గంటలే. గణితం ప్రకారం దానివల్ల వందకు 52 ర్యాకులు గెలిచే ఆటగాడి అవకాశం మూడు నాలుగు శాతాలే పెరగవచ్చు. కానీ తిరిగి లేవడానికి ఆటగాడికి దొరికే వ్యవధి రెట్టింపవుతుంది.

ఫిల్లర్, గోర్స్ట్‌ల మధ్య మూడు రోజుల పోరు ఏదో ఒకనాడు జరగవచ్చు, జరగకపోవచ్చు. ఇద్దరూ ఇంకా ముప్పై దాటనివారే కనుక సమయం మిగిలే ఉంది. జరిగితే ఆ మ్యాచ్ వారిలో ఎవరు గొప్పో శాశ్వతంగా తేల్చదు. వరుసగా పది ర్యాకులు కోల్పోయిన మరుసటి ఉదయం ఫిల్లర్ ఎలా ఆడతారో, పదిహేను ర్యాకుల ఆధిక్యాన్ని గోర్స్ట్ ఎలా కాపాడుకుంటారో మాత్రం చూపిస్తుంది. 13-11, 15-14 వంటి స్కోర్లతో ముగిసే నేటి ఫైనళ్లలో ఆ రెండూ చూసే వీలు ప్రేక్షకుడికి లేదు.